మొహమాటమూ హక్కూ

స్త్రీలు ఏం రాయాలి, ఎలా రాయాలి, ఎవరి భాషలో రాయాలి అన్న ప్రశ్నల మీద దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నాం. వంటింటి గురించి రాశాం, శరీరం గురించి రాశాం, రాయనివ్వని ఇళ్ల గురించీ రాశాం. రాసిన తర్వాత ఆ రచన ఎవరిది అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం మన గొంతు తగ్గిపోతుంది. కాపీరైట్ అన్న మాట ఎత్తితే చాలు, "డబ్బుకోసమా మనం రాసేది?" అని ఎవరో ఒకరు అంటారు. కాగితం ధర, అచ్చుకూలి, బైండింగు ఖర్చు పైసలతో సహా చెప్పగలిగిన సాహిత్యలోకంలో రచయిత్రి ఒక్కతే లెక్కలకు అతీతురాలు కావడం నాకు విచిత్రంగానే తోస్తుంది.

కాపీరైట్ చట్టాన్ని నేను న్యాయవాదిలా చదవలేదు. ఒక కథనో నవలనో చదివినట్టు, ఇందులో రచయిత ఎవరు, ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అని వెతుక్కుంటూ చదివాను. చదివాక నాకు తేలింది ఇది: హక్కు రాసినామె దగ్గరే మొదలవుతుందని ఆ చట్టం ఒప్పుకుంటుంది. దాన్ని మన చేతిలోంచి లాగేసేది చాలాసార్లు మొహమాటమే. ఆ మొహమాటం మనకు పుట్టుకతో వచ్చింది కాదు, మంచి ఆడపిల్ల లెక్కలడగదని నేర్పగా వచ్చింది. ఇక చట్టమే చేతులెత్తేసే చోటు ఒకటుంది. అది కాగితం మీదికి రాని ఆడవాళ్ల పాట. ఈ రెండూ వేరువేరు సమస్యలు, విడివిడిగానే చూడాలి.

మాది నర్సీపట్నం దగ్గర కోటవురట్ల. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లాను విడదీసినప్పుడు మేం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. అనకాపల్లి అంటే అందరికీ బెల్లం గుర్తొస్తుంది. నాకు మాత్రం డాక్టర్ పి. శ్రీదేవి గుర్తొస్తారు. 1929లో అనకాపల్లిలో పుట్టి, వైద్యం చదివి, 'కాలాతీత వ్యక్తులు' రాసి, 1961లో ముప్ఫై రెండేళ్లు నిండకుండానే వెళ్లిపోయిన మనిషి. ఆ నవల 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చింది. తన జీవితం తన కోసమేనని నమ్మి, అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోని ఇందిర లాంటి స్త్రీని అంతకు ముందు మన నవలల్లో నేను చూడలేదు.

ఈ నవల చరిత్రను చట్టం వైపు నుంచి చూస్తే కొన్ని ఆసక్తికరమైన సంగతులు తెలుస్తాయి. స్వతంత్ర భారతదేశపు కాపీరైట్ చట్టం 1957లో పార్లమెంటు ఆమోదం పొంది 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అంటే శ్రీదేవి నవలా, మన చట్టమూ ఒక ఈడువి. రచయిత జీవితకాలమూ, ఆ పైన 50 ఏళ్లూ హక్కు ఉంటుందని అప్పటి చట్టం. ఆ లెక్కన 'కాలాతీత వ్యక్తులు' 2011 చివరికల్లా హక్కుల పరిధి దాటాలి. కానీ 1941లో మరణించిన రవీంద్రనాథ్ టాగోర్ రచనల గడువు 1991తో ముగిసిపోతోందని, 50 ఏళ్లను 60 చేశారు. టాగోర్ కోసం చేసిన ఆ సవరణ వల్ల మా అనకాపల్లి శ్రీదేవికీ పదేళ్లు కలిసొచ్చాయి. 2021 డిసెంబరు 31తో ఆ గడువూ తీరింది. ఆమె ఆయుష్షుకు దాదాపు రెట్టింపు కాలం ఆమె హక్కు బతికిందన్నమాట.

ఇప్పుడా నవలను ఎవరైనా అచ్చు వెయ్యొచ్చు, అనువదించొచ్చు, నాటకంగా ఆడొచ్చు. పాఠకురాలిగా నాకు సంతోషమే. దొరకని పుస్తకానికి హక్కులుండీ ఒకటే, లేకా ఒకటే. అయితే గడువు తీరినంత మాత్రాన రచయిత్రికి సంబంధం తెగిపోయినట్టు కాదు. సెక్షన్ 57 అని ఒకటుంది. డబ్బుతో నిమిత్తం లేకుండా అది రెండు సంగతులు చెబుతుంది. రచన మీద రచయిత పేరు ఉండాలి. రచయిత గౌరవానికి భంగం కలిగేలా ఆ రచనను వికృతం చెయ్యకూడదు. హక్కులు అమ్ముకున్నా ఈ రెండూ రచయిత దగ్గరే మిగులుతాయి. 2012 సవరణ తర్వాత, కాపీరైట్ గడువు ముగిసినా ఈ రెండిటి కోసం వారసులు నిలదీయవచ్చు.

ఇలాంటి హక్కు లేని కాలంలో ఏం జరిగిందో చెప్పడానికి ముద్దుపళని ఉంది. 1887లో 'రాధికా సాంత్వనము'ను అచ్చు వేయించిన వెంకటనరసు, ఆమె తన అమ్మమ్మల, అత్తల పరంపర చెప్పుకున్న అవతారికను తీసేశాడు. కొన్ని పద్యాలు వదిలేశాడు, కొన్ని తనకు తోచినట్టు మార్చాడు. బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి ద్వారా మొత్తం కావ్యాన్ని వెలుగులోకి తెచ్చేదాకా తెలుగు పాఠకులకు అందింది కోసేసిన ముద్దుపళనే. పేరు ఉంచాడు కదా అని వెంకటనరసును వదిలెయ్యలేం. స్త్రీ తన సాహిత్య వంశాన్ని తల్లుల వైపు నుంచి చెప్పుకుంటే అది పుస్తకానికి అనవసరమని ఒక పరిష్కర్త తేల్చెయ్యడం కూడా రచనను వికృతం చెయ్యడమే.

సెక్షన్ 57కు మన దేశంలో ప్రాణం పోసిన మొదటి తీర్పుల్లో ఒకటి ఒక రచయిత్రి పోరాటం వల్లే వచ్చింది. హిందీలో మన్నూ భండారీ రాసిన 'ఆప్‌కా బంటీ' నవల సినిమా హక్కులు కళా వికాస్ పిక్చర్స్ తీసుకుంది. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిపోయే పిల్లవాడి కథ అది. 'సమయ్ కీ ధారా' పేరుతో తీసిన సినిమాలో కథ తన కథలా లేదని ఆమె కోర్టుకు వెళ్లింది. కింది కోర్టు సినిమాను ఆపలేదు. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. చివరకు ఇరుపక్షాలూ రాజీ పడినా, ఈ సెక్షన్ అర్థం తేల్చమని కోర్టును కోరాయి. ఒప్పందం మీద సంతకం పెట్టినంత మాత్రాన రచయిత తన రచన రూపం మీద హక్కు పోగొట్టుకోదని, ఒప్పందాన్ని కూడా ఈ సెక్షన్‌కు లోబడే చదవాలని 1986లో హైకోర్టు చెప్పింది. ఇంగ్లీషు చట్టంలో ఆ సెక్షన్ రచయిత గౌరవాన్ని పురుష సర్వనామంతోనే చెబుతుంది. చట్టాల్లో 'అతడు' అంటే 'ఆమె' కూడా అని వేరే చట్టంలో రాసుకున్నారు లెండి. ఆ 'అతడి గౌరవం'లో తన గౌరవాన్ని చూసుకోవడానికి ఒక స్త్రీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

శ్రీదేవికి ఆ అవకాశమే లేదు. ఆమె నవల ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' 1963లో వచ్చింది. అప్పటికి ఆమె లేదు. సినిమా సరదాగా ఉంటుంది, సావిత్రి ఉంది, పాటలున్నాయి. నవల చదివి సినిమా చూసినవాళ్లకి ఇందిరలోని ఆ పదును ఎక్కడ పోయిందన్న వెలితి మిగులుతుంది. చూసి, "ఇది నా ఇందిర కాదు" అనగలిగిన ఒకే ఒక్క మనిషి లేకపోవడం వల్ల ఆ మాట ఎవరూ అధికారికంగా అనలేదు. సెక్షన్ 57 ఆనాటికే చట్టంలో ఉంది. హక్కు ఉండటం వేరు, అడగడానికి మనిషి ఉండటం వేరు.

బతికి ఉన్న మనం మాత్రం అడుగుతున్నామా? నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా కథల సంపుటి వేస్తామన్న ఒక ప్రచురణకర్త నాలుగు వాక్యాల కాగితం పంపించారు. అందులో మూడో వాక్యం "సర్వహక్కులు ప్రచురణకర్తవి". ఎన్నాళ్లకి, ఏ భాషలో, ఏ రూపంలో అన్న వివరం లేదు. నేను ఆ వాక్యం కొట్టేసి, తెలుగు అచ్చు హక్కు మాత్రం, ఐదేళ్లకు, అని రాసి పంపాను. ఆయన ఫోన్ చేశారు. కోప్పడలేదు. బాధపడ్డారు. "అమ్మా, మీరు మా ఇంటి ఆడపడుచులాంటివారు. ఆడపడుచు లెక్కలడుగుతుందా?" అన్నారు. "మా వైపు ఆడపడుచు లాంఛనాలు అడగని పెళ్లి నేను చూడలేదండీ" అన్నాను. ఆయన నవ్వారు. పుస్తకం మాత్రం వెయ్యలేదు. మరో చోట అచ్చయ్యేసరికి రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లలో మిత్రులు కొందరు, "కొట్టెయ్యకుండా ఉంటే పుస్తకం వచ్చేది కదా" అన్నారు. వచ్చేది. ఆ మాట కాదనను. పుస్తకం రావడం కోసం రచయిత్రులు ఎంత వదులుకోవలసి వస్తోందో ఆ సలహాలోనే ఉంది. అక్క, చెల్లి, ఆడపడుచు అన్న వరసలు ప్రేమతోనే కలుపుతారు. వరస కలిశాక కాగితం అడగడం అమర్యాద అవుతుంది. పొలం కౌలుకిచ్చేటప్పుడు సొంత అన్నదమ్ములు కూడా కాగితం రాసుకుంటారు, అక్కడ అది అమర్యాద కాదు. మన రచనకు పొలంపాటి విలువ కూడా లేదనుకున్నప్పుడే కాగితం అమర్యాదగా కనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే చట్టం ఈ విషయంలో మనకంటే తక్కువ మొహమాటపడుతుంది. హక్కుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుంచే రచయితది. రిజిస్టర్ చేయించుకుంటే తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. పత్రికకు కథ పంపి, అచ్చయినంత మాత్రాన హక్కు పత్రికది అయిపోదు. జీతానికి రాసేవాళ్ల సంగతి వేరు. హక్కు బదిలీ చెయ్యాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఏ రచన, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీకి అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే అని చట్టం అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది చెల్లిపోతుంది. 2012 సవరణ ఇంకో మాట కలిపింది. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాయనిదే, ఆ బదిలీ వర్తించదు. అనువాదం, సినిమా, శ్రవ్య పుస్తకం వేటికవే విడి హక్కులు. ఒకటి ఇస్తే అన్నీ ఇచ్చినట్టు కాదు. అనువాదకురాలికి తన అనువాదం మీద సొంత హక్కు ఉంటుంది. అట్ట మీద ఆమె పేరు వెయ్యడం ప్రచురణకర్త దయాధర్మం కాదు.

చట్టం ఇవ్వనిదీ ఒకటుంది, అది లేకపోవడమే మంచిది. ఆలోచనకూ ఇతివృత్తానికీ కాపీరైట్ లేదని, వాటిని చెప్పిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేను రాసిన అత్తింటి కథలాంటిది మరొకరు రాస్తే అది దొంగతనం కాదు. మన అనుభవాలు ఉమ్మడివి. వాటికి ఒక్కరే యజమానురాలయితే స్త్రీవాద సాహిత్యమే పుట్టేది కాదు. వాక్యాలు ఎత్తుకుపోవడం, పాత్రల్నీ సన్నివేశాల్నీ వరసగా దించెయ్యడం వేరు. ఆ తేడా తెలియక మనలో మనం నిందలు వేసుకున్న సందర్భాలు తక్కువేం కాదు.

ఇక మన తర్వాత? ఇది మనం తలుచుకోవడానికే ఇష్టపడని విషయం. రచయిత్రి పోయాక 60 ఏళ్లు బతికే ఆ హక్కు ఎవరి చేతికి వెళుతుంది? వీలునామా రాయకపోతే హిందూ స్త్రీ ఆస్తి 1956 వారసత్వ చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం ముందు పిల్లలకు, భర్తకు వెళుతుంది. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకు. అత్తింటివారు గెంటేస్తే పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఒకామె ఆస్తి ఆమె మరణం తర్వాత భర్త తరఫు వారికే చెందుతుందని 2009లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. కాపీరైట్ కూడా ఆస్తే. పిల్లల్లేని ఒక వితంతు రచయిత్రి అత్తింటి మీద రాసిన కథల హక్కు, వీలునామా లేకపోతే, ఆ అత్తింటికే పోవచ్చు. దీనికన్నా చేదు కథ మనలో ఎవరం రాశాం? అచ్చు కాని రాతప్రతిని వీలునామాలో ఎవరికైనా ఇస్తే, వేరేగా చెప్పనంతవరకూ, దాని కాపీరైట్ కూడా వాళ్లకే వెళుతుంది. బంగారం ఎవరికో రాసే ఆడవాళ్లున్నారు. రాతప్రతులు ఎవరికో రాసినవాళ్లు అరుదు.

ఇంతవరకూ చెప్పింది కాగితం మీద రాసేవాళ్ల సంగతి. కాగితం దాకా రాని స్త్రీల దగ్గర ఈ చట్టం ఎలా ఉంటుంది? మా ఊళ్లో ఊడుపుల పాటలు పాడే ఒక పెద్దామెను, "ఈ పాట నీదేనా?" అని అడిగాను. "నాదేటమ్మా, మాయమ్మ పాడీది. మాయమ్మకి ఎవులు సెప్పేరో నాకేటి తెలుసు?" అంది. చట్టానికి ఈ జవాబు అర్థం కాదు. దానికి ఒక రచయిత కావాలి, ఒక పుట్టిన తేదీ కావాలి. పాడే గొంతుకు ప్రదర్శకురాలి హక్కు 1994 సవరణతో వచ్చింది, 2012లో పేరు ప్రస్తావించాలన్న హక్కూ వచ్చింది. కానీ ఆ హక్కు ఆమె పాడిన ఆ రికార్డింగుదే, పాటది కాదు. పాట అందరిదీ అంటుంది చట్టం. అందరిదీ అయినప్పుడు బలమున్నవాడిది అవుతుంది.

2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం 'సారంగ దరియా' విడుదలైనప్పుడు జరిగింది అదే తగాదా. పాట సుద్దాల అశోక్ తేజ పేరుతో వచ్చింది. తాను అంతకు ముందే టీవీ కార్యక్రమంలో పాడిన పాట అది అని జానపద గాయని కోమలి ముందుకొచ్చారు. జానపదం ఎవరి సొత్తూ కాదన్న వాదన వచ్చింది. చివరకు ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. ఎవరిది న్యాయం అన్న తీర్పు నేను చెప్పబోవడం లేదు. ఆ ప్రకటన ఏ సెక్షన్ కిందా రాలేదన్నదే నాకు ముఖ్యం. ఒక స్త్రీ నోరు విప్పి అడిగినందువల్ల వచ్చింది.

ఉమ్మడి సొత్తుకు హక్కు కల్పించడం మన చట్టాలకు చేతకాక కాదు. మాకు దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు అక్కడి కళాకారులందరిదీ. అంకుడు కర్ర బొమ్మకు ఊరుమ్మడి హక్కు ఉండగలిగినప్పుడు, అదే నేల మీద బురదలో నడుం వంచి పాడిన పాటకు ఎందుకుండదు? ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో సంప్రదాయ కళారూపాల రక్షణ మీద 2000లో వేసిన ప్రభుత్వాల కమిటీ ఇప్పటికీ చర్చిస్తూనే ఉంది. బొమ్మ అంగడికి వస్తుంది కాబట్టి చట్టానికి కనిపించింది. ఆడవాళ్ల పాట పనిలో కలిసిపోయింది కాబట్టి, ఆ పనిలాగే కనిపించలేదు.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మన పద్ధతి. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ల పేర్లతో, వాళ్ల గొంతులతో అచ్చు వేసింది. చాకలి ఐలమ్మ మాట ఐలమ్మదిగానే మనకు అందింది. విశ్వవిద్యాలయాల్లో మనం చేసే సేకరణలన్నీ అలా ఉన్నాయా? అట్ట మీద సేకర్త పేరు, లోపల "కోటవురట్ల ప్రాంతపు కూలి స్త్రీలు" అన్న ఒక్క వాక్యం ఉంటే అది వెంకటనరసు పనికి ఎంత దూరం? పాడినామె పేరు, ఊరు, పాడిన తేదీ పాట కిందే ఉండాలి, ఆమె వద్దంటే తప్ప. ఎందుకు రికార్డు చేస్తున్నామో ఆమె భాషలో చెప్పాలి. పుస్తకానికి డబ్బొస్తే ఆమెకూ వాటా ఉండాలి. ప్రచురణకర్త దగ్గర మనం ఏం అడుగుతున్నామో, మన దగ్గర ఆమెకూ అది అడిగే హక్కుంది.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. రచయిత్రుల సంఘాలూ పత్రికలూ కలిసి తెలుగులో రెండు కాగితాలు తయారుచెయ్యాలి. ఒకటి ప్రచురణకర్తకీ రచయిత్రికీ మధ్య, ఒకటి పాడినామెకీ సేకరించినామెకీ మధ్య. ఒక్కో పేజీ చాలు. అచ్చేసిన నమూనా చేతిలో ఉంటే అడగడం ఒక రచయిత్రి గడుసుతనంగా కనిపించదు, అందరూ పాటించే మర్యాద అవుతుంది. పెళ్లి మాటల్లోనూ పొలం కౌల్లోనూ చెల్లే కాగితం, మన కథ దగ్గర ఎందుకు చెల్లదో అప్పుడు జవాబు చెప్పుకోవలసింది మనం కాదు.